కట్టింది ఇద్దరు.. కాగితం ఒక్కరిది!

జెర్సీ సిటీ: ఎక్స్ఛేంజ్ ప్లేస్ దగ్గర హడ్సన్ నది ఒడ్డున నిలబడితే మన్‌హట్టన్ మేడలన్నీ ఒక్క చూపులో పడతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనవాళ్లు మొదట తీసుకెళ్లేది అక్కడికే. ఫొటోలు దిగుతారు. 'అబ్బో, ఎంతెంత ఎత్తో' అని ముక్కున వేలేసుకుంటారు. సైట్లలో పనిచేసే మాలాంటి వాళ్లకు మాత్రం అక్కడ నిలబడితే వేరే ఆలోచన వస్తుంది. అంత ఎత్తుకు ఆ ఇనుప దూలాలు ఎక్కించి, గాలిలో నిలబడి బోల్టులు బిగించింది ఎవరు?

ఆ పేర్లలో మోహాకుల పేరు ముందుంటుంది. వీళ్లు ఈ నేల మూలవాసులు. ఎంపైర్ స్టేట్ భవనం, జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి, 2001లో కూలిపోయిన జంట టవర్లు.. అన్నింట్లోనూ వీళ్ల చెమట ఉంది. టవర్లు కూలాక ఆ ఇనుప శిథిలాలు కోసి తీసిన వాళ్లలోనూ వీళ్లున్నారు. వీళ్ల ఊరు కానవాకే. కెనడాలో మాంట్రియల్ పక్కన, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉంటుంది. 1886లో వాళ్ల నేల మీదుగా రైలు వంతెన కట్టినప్పుడు ఈ పనిలోకి దిగారు. 1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన కడుతుండగానే కూలిపోయి 70 మందికి పైగా చనిపోతే, వాళ్లలో 33 మంది ఈ ఒక్క ఊరివాళ్లే. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లు ఒక మాట అన్నారని చెబుతారు. 'ఇక మీదట మగాళ్లంతా ఒకే పనికి వెళ్లొద్దు. చెదిరిపోయి వెళ్లండి' అని. మనూళ్లో అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సు ఎక్కొద్దని అమ్మ చెప్పినట్టే.

అలా చెదిరినవాళ్లు న్యూయార్క్ వచ్చారు. బ్రూక్లిన్‌లో ఒక పేట అంతా వాళ్లదే అయింది. అక్కడి చర్చిలో మోహాక్ భాషలో ప్రార్థనలు జరిగేవి. వారమంతా పని, శుక్రవారం సాయంత్రం కారెక్కి ఉత్తరానికి పరుగు. ఇప్పుడైనా ఆరేడు గంటల దారి. ఆదివారం రాత్రికి మళ్లీ వెనక్కి. ఇక్కడ సంపాదించింది అక్కడ ఇంటి మీద పెట్టడం!

ఇదంతా మాకు ఎలా తెలుసంటే, మేము పనిచేసే సైటులో స్టీలు గ్యాంగులో కానవాకే మనుషులున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మాతో బాగా కలిశాడు. ఒకరోజు లంచ్ టైములో మా ఫోనులో ఒక ఇంటి ఫొటో చూసి, 'బాగుంది, ఎవరిది?' అన్నాడు. మా స్నేహితుడు ఊళ్లో కట్టించిన ఇల్లని చెప్పాం. 'నేను అడిగేది అది కాదు, కాగితం ఎవరి పేరున ఉంది?' అన్నాడు.

ఆ ప్రశ్నకు మా దగ్గర సరైన జవాబు లేదు. ఆ ఇంటి గొడవ అప్పటికే మా గుమ్మంలోకి వచ్చి ఉంది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాం. ముందు ఆయన చెప్పిందీ, తర్వాత మేము చదువుకున్నదీ చెప్పాలి.

మగాళ్లంతా ఇల్లరికమే!

మోహాకులది తల్లి వంశం. పిల్లలు తల్లి గోత్రానికి చెందుతారు. పాతకాలంలో పొడవాటి ఇళ్లుండేవి. ఒక్కో ఇంట్లో ఒక తల్లి, ఆమె కూతుళ్లు, వాళ్ల కుటుంబాలు కాపురం చేసేవారు. పెళ్లయిన మగాడు భార్య ఇంటికి వెళ్లాలి. మన భాషలో చెప్పాలంటే ఊరి మగాళ్లంతా ఇల్లరికం అల్లుళ్లే! కాపురం కుదరకపోతే ఆయన సామాను గడప బయట పెట్టేవారు. అంతే, విడాకులు. ఇల్లూ పొలమూ ఆడవాళ్లవి. కాబట్టి పంచుకోవడం అనే తగాదానే పెద్దగా ఉండేది కాదు.

ఇది మోహాకులకే పరిమితం కాదు. జెర్సీ సిటీ నేల ఒకప్పుడు లెనాపే వాళ్లది. ఇక్కడి కమ్యూనిపా, హార్సిమస్ అనే పేర్లు వాళ్లవే. వాళ్లదీ తల్లి వంశమే. మిసిసిపీ రాష్ట్రంలో 1837లో బెట్సీ లవ్ ఆలెన్ అనే చికసా మహిళ కేసు పై కోర్టు దాకా వెళ్లింది. భర్త అప్పుకు ఆమె ఆస్తిని జప్తు చేయబోతే, 'చికసా ఆచారం ప్రకారం భార్య ఆస్తి భార్యదే' అని కోర్టు తీర్పిచ్చింది. ఆ ఆస్తి ఒక బానిస అన్నది కూడా దాచకూడదు. ఆ కాలం అలాంటిది. రెండేళ్లకు, 1839లో, పెళ్లయిన స్త్రీ పేరున ఆస్తి ఉండొచ్చని అదే మిసిసిపీ చట్టం చేసింది. మన న్యూజెర్సీ అలాంటి చట్టం చేసింది 1852లో. అంటే, భార్య ఆస్తి భార్యదే అన్న ముక్క తెల్లవాళ్ల చట్టం కంటే ముందు మూలవాసుల ఆచారంలో ఉంది.

మరి ఎక్కడ తిరగబడింది?

కాగితంతో తిరగబడింది. కెనడా ప్రభుత్వం 1869లో ఒక నిబంధన పెట్టింది. బయటివాణ్ని పెళ్లాడిన మూలవాసి స్త్రీ, మూలవాసి కాకుండా పోతుంది. బయటి స్త్రీని పెళ్లాడిన మగాడికి ఏమీ కాదు. పైగా ఆ స్త్రీకే కొత్తగా హోదా వస్తుంది! 1876 నాటి ఇండియన్ చట్టం దాన్నే కొనసాగించింది. తల్లి వంశం మీద తండ్రి వంశం తెచ్చి పెట్టారన్న మాట. భూమి కూడా అంతే. రిజర్వు నేల మీద పట్టా ప్రభుత్వానిది. ఉండేవాళ్లకు దక్కేది పొజెషన్ సర్టిఫికెట్ మాత్రమే. మనూళ్లో తహసీల్దార్ ఇచ్చే పొజిషన్ సర్టిఫికెట్ లాంటిదే అనుకోండి. ఆ సర్టిఫికెట్ మీద చాలాచోట్ల మగాడి పేరే ఎక్కింది.

కానవాకేలో 1911లో పుట్టిన మేరీ టూ యాక్స్ ఎర్లీ కథ వింటే ఇది బాగా అర్థమవుతుంది. ఆమె పని కోసం బ్రూక్లిన్ వచ్చి ఒక ఐరిష్ అమెరికన్ ఇంజినీరును పెళ్లి చేసుకుంది. ఆ క్షణంలో ఊరి హక్కు పోయింది. 1966లో ఆమె స్నేహితురాలు ఒకామె గుండెపోటుతో చనిపోయింది. ఊళ్లో ఇల్లు అమ్ముకుని వెళ్లిపొమ్మన్న ఒత్తిడే ఆమెను చంపిందని మేరీ నమ్మింది. అప్పటి నుంచి పోరాటం మొదలుపెట్టింది. భర్త పోయాక 1969లో ఊరికి తిరిగి వచ్చింది. నాయనమ్మల కాలం నాటి ఇల్లు ఉంది కానీ ఉండే హక్కు లేదు. ఏం చేసిందో తెలుసా? కూతురు మోహాక్ అబ్బాయిని పెళ్లాడింది కాబట్టి ఆ అమ్మాయికి హోదా ఉంది. ఇల్లు కూతురి పేర రాసి, తను ఆ ఇంట్లో అతిథిగా ఉంది! సొంత ఇంట్లో చుట్టపుచూపు!

1975లో ఆమె మెక్సికోలో అంతర్జాతీయ మహిళా సదస్సులో ఉండగా, ఊరు ఖాళీ చేయమని ఆమెకూ, ఇంకా పలువురు మహిళలకూ నోటీసులు వచ్చాయి. సదస్సులోనే విషయం బయటపెట్టేసరికి అది ప్రపంచమంతా పాకి నోటీసులు వెనక్కి పోయాయి. 1985లో చట్టం మారింది. ఆ జులై 5న హోదా తిరిగి పొందిన మొదటి మహిళ ఆమే. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు.

కోర్టు చేతులెత్తేసింది

హోదా వచ్చింది సరే, కాపురం చెడితే ఇల్లెవరిది? దీనికి జవాబు లేదని 1986 మార్చి 27న కెనడా సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు కేసుల్లో తేల్చేసింది. ఒకటి బ్రిటిష్ కొలంబియాలోని వెస్ట్‌బ్యాంక్ రిజర్వుకు చెందిన డెరిక్సన్ దంపతులది. భర్త పేరున ఉన్న పొజెషన్ సర్టిఫికెట్లలో సగం కావాలని భార్య అడిగింది. రెండోది పాల్ దంపతులది. విడాకులు తేలేదాకా ఇంట్లో ఉండనివ్వమని భార్య అడిగింది.

కోర్టు ఏమందంటే.. ఆస్తి పంపకం రాష్ట్రం చట్టం. రిజర్వు నేల కేంద్రం పరిధి. రాష్ట్రం చట్టం ఆ నేల మీదికి వెళ్లదు. కేంద్రం చేసిన ఇండియన్ చట్టంలో పంపకం ఊసే లేదు. కాబట్టి ఇల్లు పంచలేం. డెరిక్సన్ కేసులో మాత్రం నేల ఇవ్వలేకపోయినా దాని విలువకు నష్టపరిహారం ఇప్పించవచ్చని చిన్న కిటికీ తెరిచింది. భర్త దగ్గర డబ్బు లేకపోతే ఆ కిటికీకి అర్థం లేదు. రిజర్వులో ఇళ్లు తక్కువ. బయటకు వెళ్లిన ఆడమనిషి పిల్లల్ని తీసుకుని ఊరే వదలాలి.

ఆ ఏడాది మనకూ గుర్తుండాల్సిందే. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1986లోనే చట్టమైంది. అమలు తేదీ 1985 సెప్టెంబర్ 5 నుంచి లెక్క. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు వర్తించలేదు. దేశమంతటికీ వచ్చింది 2005లో. అంటే పుట్టింటి వాటా సంగతి కొంత తేలింది. మెట్టినింట్లో సంపాదించిన దాని సంగతి? భార్యాభర్తల ఆస్తిని విడాకుల్లో పంచే చట్టం భారతదేశంలో ఇప్పటికీ లేదు. గోవాలో మాత్రం పోర్చుగీసుల కాలం నుంచి ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉంది. 2010లో ఒక బిల్లు వచ్చింది. 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభ గడువు ముగిసి అక్కడే చచ్చిపోయింది.

'రాసుకుంటే మేమే రాసుకుంటాం'

కెనడా కథ ఇంకో మలుపు తిరిగింది. మాకు నచ్చిన భాగం ఇదే. 1986 తీర్పు తర్వాత ఖాళీని పూడ్చడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. బిల్లు పెట్టడం, సభ రద్దవడం, మళ్లీ పెట్టడం. ఆలస్యానికి అసలు కారణం సభలు కాదు. రెండు న్యాయమైన మాటలు ఢీకొన్నాయి. 'మా నేల మీద మీ చట్టం రుద్దొద్దు. వందేళ్లు రుద్దింది చాలు' అని మూలవాసుల నాయకత్వం అంది. 'మీరు తేల్చుకునేలోగా మేము రోడ్డున పడుతున్నాం' అని ఆడవాళ్లు అన్నారు. ఎవరిది తప్పంటారు?

1999లో వచ్చిన భూపాలన చట్టం ఒక దారి చూపింది. సొంత భూ నియమావళి రాసుకునే సమూహం, కాపురం చెడినప్పుడు ఇల్లెవరికో కూడా ఏడాదిలోగా నిబంధనలు రాయాలి అంది. చివరికి 2013 జూన్‌లో రిజర్వుల్లోని కుటుంబ గృహాల చట్టం వచ్చింది. దాని కట్టుబాటు చూడండి. ముందు 2013 డిసెంబర్ 16 నుంచి ప్రతి సమూహానికీ సొంత చట్టం రాసుకునే అధికారం. ఏడాది గడువు. ఆ తర్వాత కూడా రాసుకోని చోట 2014 డిసెంబర్ 16 నుంచి కేంద్రం నిబంధనలు తాత్కాలికంగా అమలు. సొంతది రాసుకున్న రోజున కేంద్రానిది తప్పుకుంటుంది.

ఆ సొంత చట్టం కౌన్సిల్ పెద్దలు గదిలో కూర్చుని పాస్ చేస్తే చెల్లదు. 18 ఏళ్లు దాటిన సభ్యులందరికీ, ఊళ్లో ఉన్నా బయట ఉన్నా, ఓటు ఉంటుంది. కనీసం 25 శాతం మంది ఓటేయాలి. వాళ్లలో ఎక్కువ మంది సరే అనాలి. బ్రూక్లిన్‌లో ఉన్నవాడికీ ఓటుందన్న మాట. పంచాయతీ ఎన్నికల్లో మన పేరు ఉందో లేదో తెలియని మనకు ఇది కాస్త గుచ్చుకుంటుంది.

కేంద్రం పెట్టిన తాత్కాలిక నిబంధనలు కూడా చదవదగ్గవే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, రెండోవారి రాతపూర్వక అంగీకారం లేకుండా అమ్మడానికి లేదు. ఇంట్లో హింస ఉంటే జడ్జి వెంటనే ఉత్తర్వు ఇచ్చి కొట్టేవాణ్ని 90 రోజుల దాకా ఇంటి బయట ఉంచొచ్చు. కాగితం ఉన్న మనిషి చనిపోతే, బతికున్నవారు 180 రోజులు ఇంట్లో ఉండొచ్చు. విడిపోతే ఇంటి విలువలో సగం. బయటి సమూహం మనిషికి విలువ దక్కుతుంది కానీ నేల మాత్రం దక్కదు. నేల ఊరు దాటదు, మనిషి రోడ్డున పడదు. రెండు మాటలనీ ఒకే కాగితంలో ఇరికించారు. మా పనిలో దీన్ని టాలరెన్స్ అంటాం. రెండు ముక్కలు కలవాలంటే మధ్యలో కొంచెం సందు వదలాలి.

నోవా స్కోషియా తీరంలో మిల్‌బ్రుక్, పిక్టౌ ల్యాండింగ్ లాంటి మిక్‌మా సమూహాలు సొంత చట్టాలు రాసుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ పరుచుకున్న అక్వెసాస్నే మోహాకులు 'జంటల ఆస్తి చట్టం' అనే పేరుతో ఒకటి తెచ్చుకున్నారు. 1986 కేసు పుట్టిన వెస్ట్‌బ్యాంక్ 2005లో స్వపరిపాలన ఒప్పందంలోకి వచ్చింది. కుటుంబ ఆస్తి మీద అదీ తన చట్టం తనే చేసుకుంది. డెరిక్సన్ దంపతులకు లేని జవాబు ఇప్పుడు వాళ్ల ఊరి పుస్తకంలోనే ఉంది. అమెరికా వైపు నవాహోలకైతే సొంత కోర్టులే ఉన్నాయి. పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అని వాళ్ల చట్టం అంటుంది.

అయితే, సొంతంగా రాసుకున్నదంతా మంచిదే అనుకుంటే పొరపాటు. కానవాకేలోనే చూడండి. బయటివాళ్లను పెళ్లాడితే ఊళ్లో ఉండకూడదని 1981 నుంచి వాళ్ల కౌన్సిల్ నిషేధం పెట్టింది. 1869లో కెనడా ఆడవాళ్లకు చేసిన పనే, ఈసారి ఆడా మగా ఇద్దరికీ. కొందరు కోర్టుకెళ్తే 2018 ఏప్రిల్ 30న క్యూబెక్ సుపీరియర్ కోర్టు అది వివక్షే అని చెప్పింది. మా సైటు పెద్దాయనను దీని గురించి అడిగాం. కాసేపు కాఫీ తాగుతూ ఊరుకున్నాడు. 'నేల పోతుందని భయం. ఒకప్పుడు చాలా పోయింది' అన్నాడు. 'మరి మనుషులు?' అన్నాం. 'వాళ్లూ పోయారు' అన్నాడు.

మన ఏజెన్సీలో

ఆ భయం మనకు కొత్తేం కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి పోకూడదని 1970లో వచ్చిన 1/70 చట్టం వెనుక ఉన్నదీ అదే. అది ఉండాల్సిందే, రెండో మాట లేదు. ఇంటి లోపలి పంపకం మాత్రం వేరే సంగతి. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతటది వర్తించదని 1956 నాడే రాసి ఉంది. కోయ, కొండరెడ్డి, కొండదొర ఆడపడుచులకు 1986 సవరణ గానీ 2005 సవరణ గానీ అందలేదు. వాళ్లకు ఆచారమే చట్టం. ఆచారం కాగితం మీద ఉండదు. పెద్దమనుషుల నోట్లో ఉంటుంది.

2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు మహిళ వారసుల కేసులో, ఆడవాళ్లకు వాటా లేదన్న ఆచారం ఉందని ఎవరూ రుజువు చేయనప్పుడు సమానత్వమే వర్తిస్తుందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెలిక పెట్టింది. పెళ్లయినవాళ్లకు ఇచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. మంచిదే. కాపురం చెడితే ఆ ఉమ్మడి పట్టా ఏమవుతుంది? అది అందులో లేదు. తమ ఆచారాలను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. మిల్‌బ్రుక్ వాళ్లు రాసుకున్నట్టు ఒక కోయ గూడెం తన ఇళ్ల చట్టం తను రాసుకుంటే, అందులో ఆడవాళ్లు కూర్చుంటే బాగుంటుందని మాకనిపిస్తుంది. వాళ్లకు మేము చెప్పేంతవాళ్లం కాదనుకోండి. ముందు మన గుమ్మం సంగతి చూసుకోవాలి.

మా గుమ్మంలోకి వచ్చిన గొడవ

ఫోనులో ఆ పెద్దాయన చూసిన ఇల్లు ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఉంది. కింద ఒకటి, పైన ఒకటి, రెండంతస్తులు. కట్టించినాయన మా స్నేహితుడు. ఆయన భార్య మమ్మల్ని అందరినీ అన్నయ్యా అనే పిలుస్తుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసుకునే అనుమతి దొరికాక ఒక డేకేర్‌లో చేరింది. ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో పడేవి. ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఎకరంన్నర ఇచ్చారు. ఇంటి కోసం అదీ అమ్మేశారు. ఇల్లు కట్టింది మాత్రం మామగారి స్థలంలో. 'ఎలాగూ మనదేగా' అన్నారట. అప్పుడు ఎవరైనా అదే అంటారు.

ఇప్పుడు వాళ్లు విడిపోయారు. ఎవరిది తప్పో మేము చెప్పం. ఇద్దరూ మావాళ్లే. ఆమె బాబుతో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక గదిలో ఉంటోంది. లాయర్ దగ్గరికి మేము తోడు వెళ్లాం. న్యూజెర్సీలో 1971 నుంచి, పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిని కోర్టు న్యాయంగా పంచుతుంది. సమానంగా అని కాదు, న్యాయంగా. అయితే ఒంగోలు సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో పేరు మార్చడం హడ్సన్ కౌంటీ కోర్టు వల్ల కాదు. మహా అయితే దాని విలువ లెక్కగట్టి ఇక్కడి పొదుపులో సర్దాలి. పైగా స్థలం మామగారిది. ఆయన ఈ కేసులో లేడు. కాబట్టి ఆ ఇంట్లో ఎవరి డబ్బు ఎంత పోసిందో ముందు రుజువు చేయాలి. అది వింటుంటే మాకు డెరిక్సన్ కేసే గుర్తొచ్చింది. నేల ముట్టుకోలేం, విలువ మాత్రం లెక్కేస్తాం.. దొరికితే!

రుజువు దగ్గర మా చదువు పనికొచ్చింది. మేము పాలిటెక్నిక్‌లో ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ చదివినవాళ్లం. ఆమె ఫోనులో పునాది తవ్విన రోజు నుంచి ఫొటోలున్నాయి. ఫుటింగులు, ప్లింత్ బీమ్, మొదటి శ్లాబు, రెండో శ్లాబు. ఒక్కో ఫొటో తేదీ పక్కన ఆ వారం పంపిన బ్యాంకు రసీదు పెట్టాం. ఫొటోలో గోడ పొడవు చూసి ఇటుక లెక్క, శ్లాబు చూసి సిమెంటు, ఇనుము లెక్క వేశాం. మూడు ఆదివారాలు పట్టింది. పసుపు కుంకుమ భూమి అమ్మిన డబ్బు రెండో శ్లాబుకు సరిగ్గా సరిపోయింది. ఆ లెక్క చూసి ఆమె ఏడవలేదు. 'అంటే పైఅంతస్తు నాదన్నమాట, మెట్లు మాత్రం వాళ్లవి' అంది.

కేసు ఇంకా నడుస్తోంది.

దాని తర్వాత మా తొమ్మిది ఇళ్లవాళ్లం ఒకచోట కూర్చున్నాం. మాలో ఆరుగురం ఊళ్లో ఇల్లు కట్టే పనిలోనో, కట్టాలన్న ఆలోచనలోనో ఉన్నాం. ఒక కాగితం రాసుకున్నాం. పునాది తీసేముందు స్థలం ఇద్దరి పేర్లకూ రిజిస్టర్ కావాలి. నాన్నగారి స్థలమైతే ముందు గిఫ్ట్ డీడ్ ఇద్దరి పేరునా రాయించాలి. అది కుదరకపోతే ఆ ఇంటికి డబ్బు పంపకూడదు. కోర్టులో ఈ కాగితం నిలబడదని మాకు తెలుసు. మాలో మాకు ఒక కట్టుబాటు, అంతే.

సోమవారం ఆ కాగితం సంగతి సైటులో పెద్దాయనకు చెప్పాం. సంతోషిస్తాడనుకున్నాం. 'రాసినప్పుడు బల్ల దగ్గర ఎవరున్నారు?' అని అడిగాడు. మగాళ్లం ఆరుగురం. ఆడవాళ్లు వంటింట్లో బిర్యానీ దగ్గర ఉన్నారు. ఆయన ఇంకేమీ అనలేదు. హెల్మెట్ పెట్టుకుని హాయిస్ట్ ఎక్కాడు.

తర్వాతి ఆదివారం వంట మేము చేశాం. కాగితం ఆడవాళ్లు రాశారు. మేము రాసినవి మూడింటినీ ఉంచి, పైన ఇంకొకటి చేర్చారు. పసుపు కుంకుమ భూమి గానీ బంగారం గానీ అమ్మితే ఆ డబ్బు ముందు ఆమె ఒక్కదాని ఖాతాలో పడాలి, అక్కడి నుంచే ఇంటికి వెళ్లాలి, ఆ రసీదు ఆమె దగ్గరే ఉండాలి. మేము దాన్ని అసలు ఆలోచించనే లేదు.

తొమ్మిది ఇళ్లలో ఆరిళ్లవాళ్లు సంతకాలు చేశారు. ముగ్గురు 'ఊళ్లో నాన్నకు ఎలా చెప్పాలి' అంటున్నారు. వాళ్లలో ఒకాయన వచ్చే నెల శంకుస్థాపనకు వెళ్తున్నాడు.